తుగ్యానీ చెప్పిన హిసాబ్

తుగ్యానీ అనే మాట హైదరాబాద్ ముస్లిం ఇళ్ళల్లో ఇంకా బతికే ఉంది. ఒకప్పుడు పెద్దవాళ్ళు తమ ఉమర్ చెప్పాలన్నా, ఎవరి షాదీ ఎప్పుడైందో గుర్తు చేసుకోవాలన్నా ‘తుగ్యానీకి రెండేళ్ళ ముందు’, ‘తుగ్యానీ అయిన సాల్’ అని లెక్క కట్టేవాళ్ళు. తెలుగులో మూసీ వరద అంటాం, ఉర్దూలో తుగ్యానీ అంటాం. తారీఖ్ మాత్రం ఒకటే: 1908 సెప్టెంబర్ 28. హిజ్రీ 1326లో రంజాన్ మొదలవుతున్న రోజులు. జనం సహరీలకూ ఇఫ్తార్లకూ సిద్ధమవుతున్న వేళ మూసీ షహర్ మీదికి వచ్చింది.

ఆ వరదను గురించి మనందరికీ ఎంతో కొంత తెలుసు. దాని సబబ్ ఎంతమందికి తెలుసు అన్నది నా సవాల్. ఎన్ని జానాలు పోయాయో, ఏ చెట్టు ఎంతమందిని కాపాడిందో, నవాబ్ సాబ్ ఎట్లా ఏడ్చాడో చెప్పుకుంటాం. నీళ్ళు ఎక్కడ్నుంచి వచ్చాయి, ఎందుకంత తేజ్‌గా వచ్చాయి అని అడిగితే ‘అల్లా మర్జీ’ అని ఆగిపోతాం. అల్లా మర్జీ కానిది ఏదీ లేదు. కానీ ఆ సంగతిని అంగుళాల్లో, చెరువుల సంఖ్యలో లెక్కగట్టి చెప్పిన మనుషులు ఆ రోజుల్లోనే ఉన్నారు. వాళ్ళ లెక్క మన మొహల్లాల దాకా రాలేదు. దాని ఖరీదు మనం ఇప్పటికీ కడుతున్నాం.

మాటల్లో దాగిన మౌసం

ముందు కొన్ని మాటలు చూద్దాం. ఎందుకంటే వానల గురించి ఇవాళ దునియా అంతా వాడే లఫ్జుల్లో కొన్ని మన ఇంటివే.

‘మౌసం’ అరబ్బీ మాట. గుర్తు పెట్టడం, ముద్ర వేయడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. ఏటా ఒక నిర్ణీత కాలంలో వచ్చేది మౌసం. అరేబియా సముద్రం మీద తిజారత్ చేసే జహాజులకు గాలి ఎప్పుడు ఇటు వీస్తుందో, ఎప్పుడు అటు తిరుగుతుందో తెలియడమే జిందగీ. ఆ గాలుల కాలానికి వాళ్ళు మౌసం అన్నారు. పోర్చుగీసు వాళ్ళు దాన్ని తమ నాలుకతో మార్చుకున్నారు, వాళ్ళ దగ్గర్నుంచి అది ఇంగ్లీషులోకి వెళ్ళి ‘మాన్సూన్’ అయింది. తెలుగు పాఠ్యపుస్తకం రుతుపవనాలు అంటుంది. టీవీలో కుర్రాడు మాన్సూన్ అంటాడు. మా ఉర్దూ మీడియం జుగ్రాఫియా కితాబులో మౌసమీ హవాయేఁ అని ఉండేది. మూడూ ఒకే గాలి.

‘తుఫాను’ అని ప్రతి తెలుగు పత్రికా రాస్తుంది. అది ఖురాన్‌లో నూహ్ అలైహిస్సలాం కౌమ్ మీదికి వచ్చిన వరదకు వాడిన మాట. అరబ్బీ, ఫార్సీల మీదుగా ఉర్దూలోకీ, అక్కడ్నుంచి తెలుగులోకీ వచ్చి తీరం వెంబడి బెస్తవాళ్ళ నోట్లో కూడా సొంత మాటలా స్థిరపడింది.

ఇక తుగ్యానీ. దీని ధాతువుకు అర్థం హద్దు దాటడం, సర్కషీ చేయడం. సూరహ్ అల్ హాఖ్ఖాలో నూహ్ కాలపు నీళ్ళ గురించి చెప్పేటప్పుడు ఈ ధాతువే వస్తుంది. నది గట్టు దాటితే తుగ్యానీ. మనిషి తన హద్దు దాటినా అదే ధాతువు. ఈ రెండో అర్థాన్ని కాసేపు గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇంకో సంగతి. హిజ్రీ సాల్ చాంద్ మీద నడుస్తుంది కాబట్టి ఏటా పది, పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. రంజాన్ ఒకసారి ఎండల్లో వస్తుంది, ఒకసారి చలిలో వస్తుంది. పంటకు, షిస్తు వసూలుకు అది పనికిరాదు. అందుకే మొగలుల కాలంలో ఫస్లీ సాల్ పుట్టింది. ‘ఫసల్’ అంటే పంట. నిజాం హుకూమత్ దఫ్తర్లన్నీ ఫస్లీ మీదే నడిచాయి. తెలంగాణ పల్లెల్లో ముస్లిం రైతు కూడా రోజా, పండగ హిజ్రీలో చూసుకుని, విత్తనం మాత్రం మృగశిర కార్తె చూసి వేసేవాడు. అంటే దీన్‌కు ఒక క్యాలెండర్, వానకు ఇంకో క్యాలెండర్ పెట్టుకోవడంలో మన బుజుర్గులకు ఏ తక్లీఫూ లేదు. మౌసం హిసాబ్ మనకు కొత్త కాదు.

ఆ రెండు రోజులు

1908 సెప్టెంబర్ చివర్లో మూసీ ఎగువన వాన ఆగకుండా కురిసింది. శంషాబాద్‌లో ఉన్న వర్షమాపకంలో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు నమోదైంది. మన కాలపు లెక్కలో రెండు రోజుల్లో 48 సెంటీమీటర్లు.

28వ తేదీన మూసీ షహర్‌ను ముంచింది. అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. కుతుబ్‌షాహీల కాలపు పురానా పుల్ నిలబడింది. కోల్సావాడీ లాంటి మొహల్లాలు నేలమట్టమయ్యాయి. చనిపోయినవాళ్ళు 15 వేల దాకా ఉంటారని ఒక అంచనా. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా దవాఖానా ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు కింద ఇప్పటికీ ఏటా సెప్టెంబర్‌లో జనం చేరి పోయినవాళ్ళను యాద్ చేసుకుంటారు.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బాధితుల కోసం మహళ్ళు తెరిపించాడు, వంటశాలలు పెట్టించాడు. నది శాంతించాలని ఒడ్డుకు వెళ్ళి హిందూ పద్ధతిలో పూజ చేశాడనే కిస్సా కూడా ఉంది. ఈ షహర్ తన రాజును అట్లా గుర్తుంచుకోవాలనుకుంది.

ఆ వరదలో సయ్యద్ అహ్మద్ హుసేన్ అమ్జద్ అనే జవాన్ తన కళ్ళ ముందే తల్లిని, భార్యను, కూతురును పోగొట్టుకున్నాడు. తను ఒక్కడే మిగిలాడు. తర్వాత ఆయనే రుబాయీల బాద్‌షా అమ్జద్ హైదరాబాదీ అయ్యాడు. ఆ రోజు గురించి ఆయన రాసిన నజ్మ్ పేరు ‘ఖయామతే సుగ్రా’. చిన్న ప్రళయం అని అర్థం. తుగ్యానీ మన యాదాష్త్‌లో నిలిచిపోవడానికి ఇట్లాంటి షాయరీ ఒక పెద్ద కారణం. గమ్‌ను మోసే భాష మనకు పుష్కలంగా దొరికింది.

విశ్వేశ్వరయ్య లెక్క

తుగ్యానీ తర్వాత నిజాం హుకూమత్ మైసూరుకు చెందిన ఇంజనీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన 1909లో వచ్చి వాన లెక్కలు, చెరువుల లెక్కలు, నది కొలతలు అన్నీ పోగుచేశాడు. అదే సాల్ అక్టోబర్‌లో తన రిపోర్టు ఇచ్చాడు.

అందులో చెప్పింది సీదాగా ఇది. హైదరాబాద్ ఎగువన మూసీ, ఈసీ నదులకు నీళ్ళు తెచ్చే భూమి 862 చదరపు మైళ్ళు. ఆ భూమిలో 788 చెరువులున్నాయి. అంటే దాదాపు ప్రతి చదరపు మైలుకూ ఒక చెరువు. ఆ వానకు వాటిలో 221 చెరువుల కట్టలు తెగాయి.

ఈ ఒక్క అంకెలో తుగ్యానీ సబబ్ అంతా ఉంది. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పైచెరువు నిండితే అలుగు పారి కిందిచెరువుకు నీళ్ళు వెళ్తాయి, అది నిండితే దాని కిందిదానికి. మామూలు వానలకు ఇంతకంటే మంచి ఇంతెజాం లేదు. కాకతీయుల కాలం నుంచీ ఈ నేల దాని మీదే బతికింది. కానీ పైచెరువు కట్ట తెగితే సీన్ మారిపోతుంది. నెలల తరబడి నిలవ చేసిన నీళ్ళు గంటలో కిందిచెరువు మీద పడతాయి. అంత నీటిని వదలడానికి దాని అలుగు సరిపోదు. నీళ్ళు కట్ట మీద నుంచి దూకుతాయి, మట్టికట్ట కోసుకుపోతుంది. ఇప్పుడు రెండు చెరువుల నీళ్ళు కలిసి మూడోదాని మీద పడతాయి. ఇట్లా 221.

షహర్ మీదికి వచ్చింది ఆ రోజు వాన ఒక్కటే కాదు. ఆ మౌసం అంతా చెరువుల్లో దాచిన వాన కూడా ఒకేసారి వచ్చింది. వరద అత్యంత జోరుగా ఉన్నప్పుడు సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీళ్ళు, అంటే 4.25 లక్షల క్యూసెక్కులు వచ్చాయని ఆయన లెక్క.

క్యూసెక్కు అంటే జనానికి ఏం అర్థమవుతుంది? మన గలీలోకి వచ్చే నీళ్ళ ట్యాంకర్‌తో కొలుద్దాం. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లకు కొంచెం ఎక్కువ. 4.25 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు కోటీ ఇరవై లక్షల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు సెకనుకు 2,400 చొప్పున ఒకదాని వెనక ఒకటి వచ్చి మీద పడితే ఎట్లా ఉంటుందో, అఫ్జల్‌గంజ్‌లో ఆ రోజు అట్లా ఉంది.

ఆయన చెప్పిన ఇలాజ్ కూడా ఆ లెక్కలోంచే వచ్చింది. షహర్‌కు ఎగువన, మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, రెండు పెద్ద జలాశయాలు కట్టాలి. పైనుంచి వరద ఎంత వచ్చినా అక్కడ పట్టి, షహర్ తట్టుకోగలిగినంతే వదలాలి. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 1920కి ఉస్మాన్ సాగర్, 1927కి హిమాయత్ సాగర్ తయారయ్యాయి. మనం గండిపేట నీళ్ళు అని లాడ్‌గా పిలుచుకునేది ఆ ఉస్మాన్ సాగర్ నీళ్ళనే. తాగునీళ్ళ కోసమే కట్టారని చాలామంది అనుకుంటారు. అవి మొదట వరద కోసం పుట్టాయి. నిండుగా 3.9 టీఎంసీలు పట్టే ఉస్మాన్ సాగర్‌ను 1908 వరద తన పూర్తి జోరుతో వస్తే రెండున్నర గంటల్లో నింపేస్తుంది. అందుకే వరద కోసం కట్టిన జలాశయంలో కొంత ఖాళీ జాగా ఎప్పుడూ ఉంచాలి. నీళ్ళు లేని ఆ జాగా వృథా కాదు, రాబోయే మెహమాన్ కోసం తీసిపెట్టిన కుర్చీ.

లెక్క ఏ భాషలో ఆగిపోయింది

విశ్వేశ్వరయ్య రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. చదవాల్సిన హుకూమత్ చదివింది, కట్టాల్సింది కట్టింది. అంతవరకు షుక్రియా.

అదే జమానాలో ఈ షహర్‌లో ఇంకో కోషిష్ జరుగుతోంది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, ఆయన దోస్తులు కలిసి హైదరాబాద్‌లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పెట్టారు. చరిత్ర, సైన్సు మామూలు తెలుగు చదువరికి అందాలన్నది వాళ్ళ ఆశయం. 1917లో దారుల్ తర్జుమా వచ్చింది. మరుసటి సాల్ పుట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో పైచదువులన్నీ ఉర్దూలో చెప్పడానికి ఆలిములు కూర్చుని ఒక్కో సైన్సు మాటకూ ఉర్దూ లఫ్జ్ వెతికారు. ఆవిరికి బుఖారాత్, తేమకు నమీ, వేడికి హరారత్. ఒక దేశీ జబాన్‌లో ఇంజనీరింగ్, వైద్యం చెప్పొచ్చు అని నిరూపించిన షహర్ మనది.

నేను ఉర్దూ మీడియం స్కూల్లో నమీ, బుఖారాత్ చదివాను. డిగ్రీ తెలుగులో చేసేటప్పుడు అవే తేమ, ఆవిరి అయ్యాయి. రెండు చోట్లా వాన ఎట్లా పుడుతుందో చెప్పారు. కానీ నా షహర్‌ను ముంచిన వాన ఎట్లా ముంచిందో ఏ కితాబూ చెప్పలేదు. 788లో 221 అనే అంకె నాకు స్కూల్లో దొరకలేదు, కాలేజీలో దొరకలేదు, అఖ్బారులో పనిలో చేరిన చాలా ఏళ్ళకు దొరికింది. చింతచెట్టు కథ మాత్రం ఐదో ఏటే తెలుసు. ఇల్మ్ ఉంది, జబాన్ ఉంది. రెండూ కలిసి మొహల్లా దాకా నడిచి రాలేదు.

పేర్లు మాత్రం గుర్తు చేస్తూనే ఉన్నాయి. మాసాబ్ ట్యాంక్ అంటే మా సాహెబా తాలాబ్. అక్కడ ఇప్పుడు తాలాబ్ లేదు, ఫ్లైఓవర్ ఉంది. పాతబస్తీలో తాలాబ్ కట్టా అంటే చెరువు కట్ట. ఫలక్‌నుమా దగ్గర నవాబ్ సాహెబ్ కుంట. ఇళ్ళు వచ్చాయి, చెరువులు కనబడకుండా పోయాయి, పేర్లు మిగిలాయి. వానకు మన పట్టాలు, రిజిస్ట్రీలు ఏవీ తెలియవు. అది పాత పేరునే గుర్తుపడుతుంది.

112 ఏళ్ళ తర్వాత

2000 ఆగస్టులో ఒకసారి హైదరాబాద్ మీద 24 గంటల్లో 24 సెంటీమీటర్ల వాన పడింది. తర్వాత 2020 వచ్చింది. అక్టోబర్ 13 పొద్దున బంగాళాఖాతం నుంచి ఒక తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి తెలంగాణ మీదుగా కదిలింది. ఆ 24 గంటల్లో బేగంపేటలో 19 సెంటీమీటర్లు, షహర్ శివారు ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు నమోదయ్యాయి.

19 సెంటీమీటర్లంటే మోకాలికంటే తక్కువే కదా, దానికింత బర్బాదీ ఎందుకు అని చాలామంది అడిగారు. ఇక్కడే హిసాబ్ కావాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. ఈ ఒక్క సూత్రం ఇంట్లో పిల్లలకు నేర్పండి, చాలు. వంద గజాల ఇంటి మీద 19 సెంటీమీటర్లు పడితే దాదాపు 16 వేల లీటర్లు. అంటే మీ ఒక్క ఇంటి కప్పు మీదే మూడు ట్యాంకర్లు ఖాళీ అయ్యాయి. అప్పటికి గ్రేటర్ హైదరాబాద్ 650 చదరపు కిలోమీటర్లు ఉండేది. అంతటా సమానంగా అంతే పడిందనుకుంటే నాలుగు టీఎంసీలకు పైనే. నిండు ఉస్మాన్ సాగర్‌ను ఎత్తి షహర్ మీద కుమ్మరించినట్టు. మట్టి నేల అయితే కొంత తాగుతుంది. సిమెంటు గలీ చుక్క కూడా తాగదు. అంతా పల్లానికి, అంటే పాత చెరువు వైపు పరుగెత్తుతుంది.

ఆ రాత్రి పల్లె చెరువు పొంగి అలీనగర్, అల్ జుబైల్ కాలనీ మునిగాయి. ఒకే ఖాందాన్‌కు చెందినవాళ్ళు కలిసి కొట్టుకుపోయిన ఘటన అక్కడే జరిగింది. ఆ వారంలోనే మళ్ళీ వాన పడి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది, హాఫిజ్ బాబా నగర్ నీళ్ళల్లోకి వెళ్ళింది. ఆ బస్తీల్లో ఎక్కువ భాగం మనవాళ్ళే. గల్ఫ్‌లో చెమటోడ్చిన పైసాతో గజాల లెక్కన ప్లాటు కొని ఇల్లు కట్టుకున్న ఖాందాన్లు. తాము ఏ చెరువుకు కింద ఉన్నామో, ఆ చెరువుకు పైన ఇంకెన్ని చెరువులున్నాయో వాళ్ళకు అమ్మినవాడు చెప్పలేదు, పర్మిషన్ ఇచ్చినవాడూ చెప్పలేదు.

1908లో 221 చెరువుల కథ, 2020లో రెండు మూడు చెరువుల కథ. కథ అదే: పైన కట్ట తెగింది, కింద మనుషులు నిద్రలో ఉన్నారు. తుగ్యానీకి హద్దు దాటడం అని అర్థం చెప్పాను కదా. నది హద్దు దాటింది అంటాం. నది తన పాత హద్దులోకే వచ్చింది. చెరువు శిఖంలో ప్లాట్లు గీసి అమ్మినవాడు, చూసీ కళ్ళు మూసుకున్న దఫ్తర్, వాళ్ళది అసలు తుగ్యానీ.

వేడి పెరిగిన హవా

ఇదంతా క్లైమేట్ చేంజ్ వల్లే అనేవాళ్ళున్నారు, క్లైమేట్ చేంజ్ అంతా వట్టిదే అనేవాళ్ళూ ఉన్నారు. రెండు వైపులా తొందర ఉంది. 1908 వాన పడ్డప్పుడు దునియా ఇంత వేడెక్కలేదు. కాబట్టి దక్కన్ మీద భయంకరమైన వానలు పాత సంగతే. అదే సమయంలో ఒక భౌతిక నియమం ఉంది: హవా ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే అది పట్టగలిగే ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. 1901 నుంచి 2018 దాకా మన దేశపు సగటు హరారత్ సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 రిపోర్టు. తడిబట్ట పెద్దదైతే పిండినప్పుడు నీళ్ళు ఎక్కువ కారతాయి. అంటే 1908 లాంటి వాన మళ్ళీ వస్తే అది ఇంకా బరువుగా వచ్చే అవకాశం ఉంది. ఒక్కో వరదకూ ఒకే సబబ్ వెతకడం కంటే, పైన బరువెక్కుతున్న వాన, కింద తగ్గిపోతున్న చెరువు, రెండూ కలిపి చూడటం సహీ.

ఖబర్ అందితే

తక్దీర్‌లో రాసింది తప్పదు కదా, ఈ అంకెలెందుకు అని అడిగే బుజుర్గులుంటారు. హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు షామ్‌కు వెళ్తూ సర్గ్ అనే చోట అక్కడ తాఊన్ ఉందన్న ఖబర్ విని, మష్వరా చేసి లష్కర్‌ను వెనక్కి తిప్పాడు. అల్లా తక్దీర్ నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా అడిగితే, ఒక తక్దీర్ నుంచి ఇంకో తక్దీర్ వైపే వెళ్తున్నామన్న అర్థంలో జవాబిచ్చాడు. ఖబర్ విని కదలడం తవక్కుల్‌కు ఖిలాఫ్ కాదు.

ఖబర్ ఏం చేయగలదో మన తీరమే సాక్షి. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే పది వేల మంది దాకా పోయారు. 1990 మేలో అదే కృష్ణా తీరానికి దాదాపు అంతే జోరున్న తుఫాను వచ్చింది. ఆసారి ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు. చనిపోయినవాళ్ళు వెయ్యి లోపే. వెయ్యి కూడా చిన్న సంఖ్య కాదు. కానీ ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడా అంతా ఖబర్, దాన్ని నమ్మిన జనం, వాళ్ళను మోసిన లారీలు, నిలబడిన షెల్టర్లు.

మరి మన దాకా వచ్చే మౌసం ఖబర్ ఎట్లా చదవాలి? ఇన్నేళ్ళు డెస్క్ మీద ఆ బులెటిన్లు చూసినవాడిగా కొన్ని మాటలు విప్పి చెప్తాను. ఇవి ఊరికే వాడే మాటలు కావు, ఒక్కోదానికీ కొలత ఉంది.

‘భారీ వర్షం’ అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 దాకా. ‘అతి భారీ’ అంటే 115.6 నుంచి 204.4 దాకా. 204.5 దాటితే ‘అత్యంత భారీ’. మీ వంద గజాల ఇంటికి లెక్క కట్టుకుంటే భారీ వర్షం మొదలయ్యే చోటే ఐదు వేల లీటర్లు, అంటే ఒక పూర్తి ట్యాంకర్ దాటుతుంది.

‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ఇలాఖాలోని వాన కొలిచే కేంద్రాల్లో పాతిక శాతం లోపు. ‘కొన్ని చోట్ల’ అంటే సగం దాకా. ‘చాలా చోట్ల’ అంటే సగం నుంచి ముప్పావు దాకా. కాబట్టి ‘ఒకటి రెండు చోట్ల అతి భారీ వర్షం’ అని చెప్పి మీ గలీలో చుక్క పడకపోతే అది ఝూట్ కాదు. ఆ ఒకటి రెండు చోట్లలో మీరు లేరు, అంతే. మీ చెరువుకు ఎగువన ఉన్న ఊరు ఉండొచ్చు. శంషాబాద్‌లో పడ్డ వాన కోల్సావాడీని ముంచింది, మరచిపోవద్దు.

పసుపు రంగు అంటే గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే కదలండి. ఎరుపు వచ్చాక ఫ్రిజ్ ఎత్తుగా పెట్టడం కంటే ముందు అమ్మీ అబ్బాను పై అంతస్తుకు చేర్చడం, సర్టిఫికెట్లు, పాస్‌పోర్టులు ప్లాస్టిక్ సంచిలో పెట్టడం, ఇంటి కరెంట్ మెయిన్ ఆపడం చేయాలి.

‘క్లౌడ్‌బరస్ట్’ అని ప్రతి వానకూ వాట్సాప్‌లో తిరుగుతుంది. గంటలో 100 మిల్లీమీటర్లు ఒక చిన్న ఇలాఖా మీద పడితేనే వాతావరణ శాఖ ఆ మాట వాడుతుంది. ఆకాశం పగిలిందని ఫార్వర్డ్ చేసేముందు అంకె ఎంత అని అడగండి.

చివరగా ఒక గుజారిష్. మన మస్జిదుల్లో నమాజ్ వేళల బోర్డు ఉంటుంది. తులూ, జవాల్, గురూబ్ నిమిషాలతో సహా. అది పక్కా ఖగోళ లెక్క. ఇంగ్లీషు రాని బుజుర్గు కూడా జవాల్ ఎప్పుడో ఆ బోర్డు చూసి చెప్పేస్తాడు. సూరజ్ హిసాబ్‌ను అంత సులువుగా జనంలోకి తెచ్చుకున్న కౌమ్‌కు వాన హిసాబ్ కష్టం కాదు. జూన్ నుంచి అక్టోబర్ దాకా ఆ బోర్డు కింద ఇంకో రెండు లైన్లు రాద్దాం: ఇవాళ మన జిల్లాకు ఏ రంగు, మన బస్తీకి ఎగువన ఉన్న చెరువు ఎంత నిండింది. ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి. జుమా రోజు ఖుత్బా ముందు మైకులో చదివితే ఒక నిమిషం కూడా పట్టదు. ఆ చెరువు పేరు మీ మస్జిద్ కమిటీలో ఎవరికీ తెలియకపోతే, పని అక్కడ్నుంచే మొదలుపెట్టండి.